నాలుగూ కలపనివ్వని బైబిలమ్మ

మా బైబిలమ్మ పోయింది. పోయిన మంగళవారం పొద్దు బాగా ఎక్కాక, నెల్లూరు ఆసుపత్రిలో, ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద కన్నుమూసింది. పాట పాడుతూ ప్రాణం విడిచిందని సాయంత్రానికల్లా కాలువ పొడుగునా ఉన్న పాళేలన్నిటికీ పాకిపోయింది. పాడలేదు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఆమె ఆఖరి మాట విన్నది నేనొక్కణ్ణే.

ఆ మాట ఇక్కడ రాస్తాను. కానీ ముందు ఆమె ఎవరో చెప్పాలి. మా పాళెంలో ఆఖరి మాట అంటే ఏమిటో, ఆ మాట దగ్గరే నాకూ ఆమెకూ ఏడాది పాటు పలకరింపులు ఎందుకు ఆగిపోయాయో చెప్పాలి. అవి తెలియకపోతే పాట పాడిందన్న అబద్ధమే మీకు బాగుంటుంది.

ఆమె పుట్టింది తోటపల్లి గూడూరు వైపు. చిన్న వయసులోనే మొగుడు పోతే చదువుకుని, ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే ఉద్యోగంలో చేరింది. దొరవారిసత్రానికి తూర్పున కాలువ గట్టు మీద ఉన్న పాళేలన్నీ ఆమెవే. నడిచే తిరిగేది. చేతిలో నల్ల గొడుగు ఉండేది కానీ ఎండకు తెరిచేది కాదు, బట్ట వెలిసిపోతుందట. వాన పడితేనే తెరిచేది. మా వైపు వాన ఎన్నాళ్ళు పడుతుందో మీకు తెలుసు. ముక్కుపొడి పీల్చేది. ఎవరైనా చూస్తే దాచుకునేది కాదు. "దేవుడికి తెలుసబ్బయ్యా, అయ్యగారికే తెల్దు" అని డబ్బీ రొండిన దోపుకునేది. అయ్యగారంటే మా పాస్టరు. నెలకొక ఆదివారం సైకిలు మీద వచ్చి ఆరాధనలో రొట్టె విరిచి పంచి వెళ్ళిపోయేవారు. మిగతా రోజులు పెళ్ళయినా చావయినా మాకు ఆమే దిక్కు.

ఆమె భుజాన ఒక గుడ్డ సంచి వేలాడేది. దానికి నాలుగు అరలు తనే కుట్టుకుంది. ఒక్కో అరలో ఒక్కో సువార్త. మత్తయిది, మార్కుది, లూకాది, యోహానుది. ఏ సువార్తకా సువార్త విడిగా అచ్చు వేసిన చిన్న పుస్తకాలు. పెద్ద బైబిలు కొనే తాహతు మా పాళెంలో ఎవరికీ లేదు. ఇంటికొక చిన్న పుస్తకం కొనుక్కున్నాం. చిక్కు అక్కడే వచ్చింది. ఎవరింట్లో ఉన్నది వాళ్ళకు మొత్తం సువార్త అయిపోయింది.

మా సంఘపెద్ద దర్జీ. అందరం ఆయన్ను దర్జీ అన్న అంటాం. ఆయనది మత్తయి. మొదటి పుటలో ఉన్న తాతముత్తాతల పేర్లన్నీ మిషను తొక్కినట్టు గడగడా చదివేవాడు. ఆయన యేసు రాజు. కొండెక్కి కూర్చుని ఏది తప్పో ఏది ఒప్పో చెప్పే రాజు. నేను పనిచేసిన పడవలో వెనక కూర్చుని చుక్కాని, అదే అమరం, పట్టే మామది యోహాను. ఆయన యేసు లోకం పుట్టకముందే ఉన్నవాడు. దేనికీ జంకడు, పట్టుకోవడానికి వచ్చిన బంట్రోతులే ఆయన ఎదుట వెనక్కి పడిపోతారు. మా పక్కింటి మంత్రసాని పిన్నమ్మది లూకా. ఆమె యేసు పశువుల తొట్టిలో పుట్టినవాడు, ఆడవాళ్ళ ఏడుపు వినేవాడు, చెడిపోయి తిరిగొచ్చిన కొడుకు కథ చెప్పేవాడు.

నాది మార్కు.

నేను అక్షరాలు నేర్చింది యాభై దాటాక. నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. శ్రీహరికోట అడవి నుంచి కట్టెలు నింపుకుని మా పడవలు కాలువ మీద మద్రాసుకు పోయేవి. గాలి లేనప్పుడు తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగడం నా పని. చదువు నాకెందుకు? అవసరం నా భార్యది. ఆమెకు వాక్యం వినాలని ఉండేది. బైబిలమ్మ వారానికొకసారి వచ్చి చదివేది ఆమెకు చాలేది కాదు. నువ్వు నేర్చుకుని నాకు చదవమని పట్టుబట్టింది. బైబిలమ్మ కాలువ ఒడ్డున తడి ఇసుక మీద సరుగుడు పుల్లతో అక్షరం రాసి దిద్దమనేది. నేను దిద్దుతుంటే పడవల మీద పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. "మామా, పలక కొనిపెట్టేదా?" అని ఒకడు అరిచాడు. వాడి మీదికి పోబోతే బైబిలమ్మ పుల్ల అడ్డం పెట్టింది. "కొడితే కొట్టు. ముందు ఆ 'ఱ' పూర్తి చెయ్యి" అంది.

రెండు వానాకాలాలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. అప్పుడు సంచిలోంచి మార్కు తీసి నా చేతిలో పెట్టింది. ఆ క్రిస్మస్‌కు ఒక పని చేశాను, ఇప్పటికీ మా వాళ్ళు దాన్ని చెప్పుకుని నవ్వుతారు. పశువుల తొట్టి ఘట్టం భార్యకు చదివి వినిపించాలని పుస్తకం మొదటి నుంచి చివరిదాకా వెతికాను. తొట్టి లేదు, గొర్రెల కాపర్లు లేరు, చుక్క లేదు. బైబిలమ్మ వచ్చాక పుస్తకం ఆమె ముందు పెట్టి నిలదీశాను.

"ముందు పుటలు చినిగిపోయిన పుస్తకం నాకు అంటగట్టినావక్కా."

ఆమె పుస్తకం తిరగేసి చూసి, ముక్కుపొడి పీల్చి, నిదానంగా అంది. "చినగలేదబ్బయ్యా. మార్కు అట్నే మొదలుపెట్టినాడు."

"పుట్టుక లేకుండానా?"

"ఆయనకు పుట్టుక అవసరపడలా. పనిలో ఉండే మనిషినే చూపించినాడు."

అలాంటప్పుడు నాకు ఇదే ఎందుకిచ్చావని అడిగాను. పొట్టిది గదా, తొందరగా అయిపోతుందని ఇచ్చినా అంది. నాకు అది గుచ్చుకుంది. కానీ చదివేకొద్దీ ఆ పుస్తకం నాకు నచ్చింది. మార్కు యేసు ఒకచోట కూర్చోడు. వెంటనే ఇక్కడ, వెంటనే అక్కడ. కోపం వస్తుంది, నిట్టూరుస్తాడు. సొంతవాళ్ళే మతి చలించిందనుకుని పట్టుకుపోవడానికి వస్తారు. సొంత ఊళ్ళో ఆయన చేతులు ఆడవు. పనిచేసేవాడికి ఇవన్నీ తెలిసినవే. నా భార్య చేటలో బియ్యం ఏరుతూ వినేది. తుఫానులో పడవ వెనక భాగాన దిండు మీద తల పెట్టి ఆయన నిద్రపోయే చోటు వస్తే ఏరడం ఆపేది. శిష్యులు వచ్చి లేపుతారు కదా. "లేపబాకండయ్యా, అలిసిపోయి ఉండాడు, రోంతసేపు పండుకోనీండి" అనేది. ప్రతిసారీ అదే మాట.

నాలుగు ఇళ్ళు, నాలుగు పుస్తకాలు. ఇక తగాదాలకేం తక్కువ? ఒకసారి సిలువ ఎవరు మోశారని నాకూ అమరం పట్టే మామకూ గట్టు మీద మాటామాటా పెరిగింది. దారిన పోతున్న సీమోను చేత బలవంతంగా మోయించారని నా పుస్తకంలో ఉంది. ఆయన సిలువ ఆయనే మోసుకున్నాడని మామ పుస్తకంలో ఉంది. నేను ఊరుకున్నానా? అమరం పట్టుకుని కూర్చునేవాడికి బరువు ఎవరు లాగుతారో ఎట్టా తెలుస్తుందన్నాను. మామ పడవ తోసే గెడ నా మీదికి ఎత్తాడు. ఇద్దరం పోయి బైబిలమ్మను తీర్పు చెప్పమన్నాం.

ఆమె చెప్పలేదు. ఇద్దరి పుస్తకాలూ తెరిచి, ఎవరి పుట వాళ్ళ చేత చదివించింది. "రాసింది నలుగురు. ఆ నాలుగూ కలిపి ఒకటి చేస్తే అది ఐదోవాడు చెప్పినట్టు. ఆ ఐదోవాడెవరో నాకు తెల్దు" అంది. ఎవరైనా బోధకుడు వచ్చి ఇందులో ఒక ముక్క, అందులో ఒక ముక్క తీసి కలిపి చెబుతుంటే ఆమెకు నచ్చేది కాదు. బయటికి ఏమీ అనేది కాదు కానీ, ఆయన పోయాక ఏ మాట ఎవరిదో వేలు పెట్టి చూపించేది.

ఇక ఆఖరి మాట సంగతి. మా పాళెంలో ఒకరు పోయే గడియ వచ్చిందంటే చుట్టూ చేరి పాటలు పాడతారు. ఒకరు నోటి దగ్గర చెవి పెట్టి కూర్చుంటారు. ఆ మనిషి ఆఖరికి ఏమన్నదో విని, సమాధి పూడ్చేముందు అందరికీ చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటాం. దర్జీ అన్న నాయన పోయేటప్పుడు పరలోకం తలుపులు తెరుచుకున్నాయి, నాకు కనబడుతున్నాయి అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు కూడా మీ తాత ఏమని పోయినాడు అని అడుగుతారు. మంచి మాటతో పోయినవాళ్ళ ఇంటికి ఒక మర్యాద. ఏ మాటా చెప్పుకోలేని ఇంటికి మర్యాద లేదు.

నా భార్యకు జ్వరం వచ్చిన పదకొండో రోజు నేను మద్రాసు నుంచి తిరిగొచ్చాను. అప్పటికే మనిషి లేవడం లేదు. బైబిలమ్మ పై పాళేల వైపు పోయి ఉంది. పాటలు పాడుతున్నారు. నోటి దగ్గర చెవి పెట్టింది మంత్రసాని పిన్నమ్మ. నేను కాళ్ళ దగ్గర ఉన్నాను. అయినా నాకూ వినిపించింది. నా దేవా, నన్నెందుకు వదిలేస్తివి అంది. రెండుసార్లు అంది. అంతే.

పాట ఆగిపోయింది. సమాధి దగ్గర దర్జీ అన్న సాక్ష్యం చెప్పమంటే పిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది తప్ప చెప్పలేదు. ఆమె చెప్పలేకపోతే అందరికీ అర్థమైపోయింది. దర్జీ అన్న, సాక్ష్యం లేకుండా పోయిన ఆత్మను దేవుడే చూసుకోవాలి అని ప్రార్థన ముగించాడు. మాకు పిల్లలు లేరు. ఉన్నది ఆమె ఒక్కతే. విశ్వాసం విడిచి పోయిందని ఊరంతా అనుకుంటుంటే ఆ ఇంట్లో నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. నాకు తెలుసు, ఆ మాట ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో. మార్కులో యేసు సిలువ మీద ఒక్క మాటే అంటాడు. అదే ఆ మాట. ఆమెకు దాన్ని చదివి వినిపించింది నేనే. ఇంట్లో లూకా ఉండి ఉంటే తండ్రి చేతుల్లో ప్రాణం పెట్టే మాట ఆమె నోట వచ్చేది. యోహాను ఉండి ఉంటే పని ముగిసింది అనే మాట వచ్చేది. నా ఇంట్లో ఉన్నది మార్కు.

మూడో రోజు బైబిలమ్మ వచ్చింది. చెప్పులు విడవకముందే పుస్తకం ఆమె కాళ్ళ దగ్గర పడేశాను.

"పొట్టిదని ఇచ్చినావు గదా. నేను మొద్దోణ్ణని ఇచ్చినావు. నా పెళ్ళానికి ఆఖరికి ఆ పొట్టిదే మిగిలింది."

ఆమె వంగి పుస్తకం తీసుకుని ఇసుక దులిపింది. "నిజమే. పొట్టిదనే ఇచ్చినా" అంది. ఇంకొకరైతే ఏదో సర్దిచెప్పేవాళ్ళు. ఆమె చెప్పలేదు. కింద కూర్చుని, ఏమన్నదో చెప్పమంది. చెప్పాను. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అంది.

"ఆ మాట ఎవురూ తీసుకోరబ్బయ్యా. మిగతా మాటలన్నీ తీసుకుంటారు. నీ భార్య దాన్ని తీసుకునింది."

నాకు ఆ మాట చెవికెక్కలేదు. బయటికి పొమ్మన్నాను. ఏడాది పాటు ఆమె పాళెంలోకి వస్తే నేను గట్టు దిగి అవతలికి పోయేవాణ్ణి. గుడికి పోవడం మానేశాను.

మంచి శుక్రవారం ముందు రోజు ఆమె నా గుమ్మం ముందు నిలబడింది. రేపు గుడికి రా అంది. ఎందుకన్నాను. నువ్వేమీ మాట్లాడబాక, వచ్చి కూసో, అంతే చాలంది. పోకూడదనే అనుకున్నాను. ఎందుకు పోయానో ఇప్పుడు చెప్పలేను. పోయి తలుపు దగ్గర కూర్చున్నాను.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం నుంచి మూడు గంటలదాకా ఏడు మాటల ఆరాధన. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు ఏడుగురు ఎత్తుకుని తలా కాసేపు చెబుతారు. ఆ ఏడూ ఒక పుస్తకంలో ఉండవు. లూకావి మూడు, యోహానువి మూడు, మత్తయికీ మార్కుకూ కలిపి ఒకటి. వీళ్ళను క్షమించు అనే మొదటి మాట ఎప్పుడూ దర్జీ అన్నదే. నాలుగోది, నా భార్య నోట వచ్చిన మాటే, ఎవరూ కోరి తీసుకోరు. ఆ మాట చదివి, వెంటనే పాట ఎత్తుకుని దాటేస్తారు.

ఆ రోజు బైబిలమ్మ ముందుకు పోయి, "ఈసారి ఏడు మాటలూ చెప్పుకోబోం. ఒక్క పుస్తకమే చదువుకుందాం" అంది.

దర్జీ అన్న లేచాడు. "ఎన్నాళ్ళుగానో వస్తా ఉండే పద్ధతి గదమ్మా. అయ్యగారికి తెలిస్తే ఏమంటారు?"

"అనిపించుకునేది నేను గదా. నీ మత్తయి తెచ్చినావా అన్నా?"

"తెచ్చినా."

"సిలువ కాడి నుంచి చదువు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మంచి గొంతు ఆయనది. ఎగతాళి చేసినవాళ్ళ మాటలు, చీకటి కమ్మడం, అన్నీ గట్టిగా చదువుకుంటూ పోయాడు. ఆ నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. చదువు అన్నా అంది ఆమె. చదివాడు. ముందు వరసలో ఉన్నవాళ్ళకు మాత్రమే వినిపించింది. మాకు వినపడలేదు, ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాడు. తరువాత ఇంకేమైనా అంటాడేమోనని పుట తిప్పాడు. సూది గుచ్చుకున్న మచ్చల వేలు ఒక్కో వాక్యం కిందా జరుగుతుంటే నేను తలుపు దగ్గర నుంచి చూస్తున్నాను. పెద్ద కేక వేసి ప్రాణం విడిచాడని ఉంది. ఇంక మాట లేదు. ఇన్నేళ్ళూ తాతల పేర్లు చదివిన మనిషి, కొండ మీద బోధ కంఠతా వచ్చిన మనిషి, తన పుస్తకంలో ఆఖరి మాట ఏదో చూసుకోలేదు. ఏడు మాటల వెనక అది కనబడకుండా పోయింది.

"అంతేనా అన్నా?" అని అడిగింది బైబిలమ్మ.

"అంతే."

"మరి ఈయన కూడా సాక్ష్యం లేకనే పోయినాడా?"

కాలువలో ఎవరో గెడ వేసుకుంటూ పోతున్న చప్పుడు వినిపించింది. దర్జీ అన్న కళ్ళజోడు తీసి, పుస్తకం మూసి, కూర్చున్నాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మంత్రసాని పిన్నమ్మ లేచింది. "నా చెవిన పడిన మాట ఏడాదిగా మోస్తా ఉండా. ఇప్పుడు చెప్తా" అని, నా భార్య అన్న మాట అన్నట్టే చెప్పింది. రెండుసార్లు అందని కూడా చెప్పింది. ఆ రోజు ఇంకెవరూ బోధ చెయ్యలేదు. మూడు గంటలయ్యేదాకా అలాగే కూర్చుని లేచిపోయాం.

నేను క్షమాపణ అడిగే మనిషిని కాదు. ఆమె పక్క పాళేనికి బయల్దేరుతుంటే వెంట నడిచాను. గొడుగు ఇటివ్వు అక్కా, ఎండ మండుతా ఉండాది అన్నాను. తెరిచి ఆమె తల మీద పట్టాను. రంగు పోతుందయ్యా అంది. పోనీలే అన్నాను. కొంత దూరం పోయాక అడిగాను, నలుగురు నాలుగు రకాలుగా చెబుతుంటే అసలు మనిషి ఎవరక్కా అని. ఆమె నడుస్తూనే నన్ను ఎదురు ప్రశ్న అడిగింది.

"తాడు లాగేటప్పుడు నీకు పడవ కనబడతాదా?"

కనబడదు, వెనక ఉంటుంది అన్నాను.

"బరువు?"

"బరువు తెలుస్తాది."

"అమరం కాడ కూసునేవాడికి నీ వీపు కనబడతాది. దారి కనబడతాది. బరువు తెల్దు. పడవ ఒకటే గదా నాయనా."

నాకిది పూర్తిగా ఒప్పుదల కాలేదు. సిలువ మోసింది సీమోనేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ ఏడాదే లూకా కొన్నాను, తరువాత మత్తయి, ఆఖరికి మామతో పంతం విడిచి యోహాను. నాలుగూ విడివిడిగానే పెట్టుకున్నాను. ఆమె నేర్పిన పద్ధతి అది. ఒకటి చదివేటప్పుడు మిగతా మూడూ మూసే ఉండాలి.

తరువాతి ఏళ్ళలో ఆమెకు కాళ్ళు వాచేవి. కాలువలో పడవలు తగ్గి, కట్టెలు లారీల మీద పోవడం మొదలైంది. శ్రీహరికోటను సర్కారు వాళ్ళు రాకెట్ల కోసం తీసుకుంటారని సత్రంలో చెప్పుకుంటున్న రోజుల్లో ఆమె మంచాన పడింది. ఇద్దరం ముసలివాళ్ళమే. సొంతవాళ్ళు లేరు కాబట్టి ఆసుపత్రిలో వంతులవారీగా మేం ఉన్నాం. పోయిన వారం వంతు నాది.

నాలుగు పుస్తకాలూ తీసుకుపోయాను. ఏది చదవమంటావని అడిగాను. యోహానైతే ధైర్యంగా ఉంటుంది గదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ ఎత్తుకు ఇప్పుడు నేను ఎక్కలేను అంది. పోనీ లూకా అంటే, అంత నెమ్మది నాకు లేదయ్యా అంది. ఇన్నేళ్ళు పాళేలన్నిటికీ నెమ్మది చెప్పిన మనిషి ఆ మాట అంటుంటే లూకా మూసి పక్కన పెట్టేశాను.

"పొట్టిది చదువు" అంది.

మార్కు తీశాను. రెండు రోజులు చదివాను. మంగళవారం పొద్దున్నే గెత్సేమనే తోటకు వచ్చాం. యేసు బెదిరిపోయి, నేల మీద పడి, ఈ గిన్నె నా దగ్గర నుంచి తీసెయ్యమని తండ్రిని అడిగే చోటు. ఆమె చెయ్యి దుప్పటి మీద వెతుకుతున్నట్టు కదిలింది. ముక్కుపొడి డబ్బీ కావాలేమోనని చేతిలో పెట్టబోయాను. అది కాదు. నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు అంత చల్లగా ఉంటాయని నాకు తెలియదు.

"భయంగా ఉండాది తమ్ముడా. చెయ్యి వదలబాక" అంది.

వదలనక్కా అన్నాను. ఇంక ఆమె ఏమీ అనలేదు. నర్సమ్మ వచ్చి వేళ్ళు విడదీసేదాకా అలాగే కూర్చున్నాను.

మరునాడు లారీ మీద మా పాళేనికి తెచ్చుకున్నాం. కాలువకూ సరుగుడు తోటకూ నడుమ ఇసుకలో మా సమాధులు. అన్ని పాళేల నుంచీ జనం వచ్చారు. అయ్యగారు మంచి ప్రసంగమే చేశారు. మన తల్లి పాట పాడుతూ ప్రభువును చేరిందని విన్నాం, ఆ సాక్ష్యం విన్నవాళ్ళు ఇప్పుడు చెప్పాలి అన్నారు. అందరూ నా వైపు తిరిగారు.

ఒప్పుకుంటున్నాను, పాడిందని చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఎవరికీ నష్టం లేదు. ఆమె పేరు పాట పాడిన మనిషిగా నాలుగు కాలాలు ఉండిపోయేది. కానీ నా భార్య సమాధి అక్కడికి పదడుగుల దూరంలో ఉంది. బైబిలమ్మ గొప్ప మాట అనలేదని నేను ఇంకో మాట పెడితే, నా భార్య అన్న మాటను మళ్ళీ పూడ్చినట్టే.

"పాడలేదు అయ్యగారూ" అన్నాను. "భయంగా ఉండాది, చెయ్యి వదలబాక అనింది. అంతే."

అయ్యగారు ఇబ్బందిపడి, ఇంకేమైనా అందేమో గుర్తు చేసుకోమన్నారు. అనలేదన్నాను. జనంలో గుసగుస బయల్దేరింది. అప్పుడు దర్జీ అన్న కర్ర ఊనుకుంటూ ముందుకు వచ్చాడు. ఇప్పుడు ఆయనకు చూపు సరిగా లేదు. సమాధి గుంట అంచున నిలబడి అందరికీ వినపడేట్టు చెప్పాడు.

"మా నాయన పరలోకం తలుపులు తెరుచుకున్నాయని అనలా. నేనే అన్నా. ఆయన వాళ్ళమ్మను పిలిచినాడు. నలభై ఏండ్లనుంచి దాచిపెట్టినా."

ఆ వెంటే పై పాళెం నుంచి వచ్చిన ఒక ఆడమనిషి, తన మొగుడు పోయేటప్పుడు గంజి అడిగాడని, తాను ఇవ్వలేదని చెప్పింది. ఇంకొకరు, మా అన్న ఏమీ అనలేదు, గోడకు తిరిగి పండుకున్నాడు అన్నారు. అమరం పట్టే మామ తన కూతురు మాట చెప్పబోయి, చెప్పలేక నా భుజం పట్టుకున్నాడు. అయ్యగారు పుస్తకం మూసి చేతుల్లో పట్టుకుని విన్నారు.

మన్ను వేసి, పూడ్చి, ప్రార్థన అయింది. అయినా జనం ఇళ్ళకు పోలేదు. ఒక్కొక్కరూ తమ తమ వాళ్ళ దిబ్బల దగ్గరికి చేరారు. కొందరు నిలబడి, కొందరు ఇసుకలో చతికిలబడి, దిబ్బ వైపు వంగి ఏదో చెప్పుకుంటున్నారు. గాలికి ఎవరి మాటలూ పక్కవాళ్ళకు వినపడడం లేదు. గుంట తవ్వినవాడు పార భుజాన వేసుకుని తోట చివర నిలబడ్డాడు. పొద్దు వాలుతున్నా, ఎవరినీ లెమ్మనలేదు.